అప్‌డేట్: పోర్టబుల్ ఏసీతో గది ఇప్పుడు చల్లబడుతోంది

పోయిన వారం అడిగింది నేనే. విజయవాడలో అద్దె ఇల్లు, పై అంతస్తు. గోడకు చిల్లు పెట్టడానికి ఓనర్ గారు ఒప్పుకోరు. ఒక టన్ను పోర్టబుల్ ఏసీ 24లో పెట్టి మధ్యాహ్నమంతా నడిపినా గది 31 దగ్గరే ఆగిపోతోందని రాశాను.

మీలో ఒకరు అగరుబత్తి వెలిగించి సందుల దగ్గర పెట్టి చూడమన్నారు. కిటికీలో, ఏసీ వేడిగాలి బయటికి పోయే గొట్టం చుట్టూ పెట్టాను. పొగ పైకి లేవలేదు, సన్నటి దారంలా గదిలోకి పాక్కుంటూ వచ్చింది. అసలు సంగతి అప్పుడు అర్థమైంది. ఒకే గొట్టం ఉన్న ఏసీ గదిలోని గాలినే లాక్కుని, వేడి ఎక్కించి బయటికి తోస్తుంది. ఆ లోటు పూడ్చడానికి ఎండలోని గాలి సందుల్లోంచి లోపలికి దూరుతుంది. మనం డబ్బు పెట్టి వదిలిన వేడే మళ్లీ వచ్చేస్తోందన్నమాట!

కిటికీ ఖాళీలో థర్మోకోల్ కోసి పెట్టి, అంచులకు టేపు వేశాను. తలుపు కింద సందు మాత్రం మూయలేదు. గాలి ఎక్కడినుంచో రావాలి కదా, ఎండలోంచి కంటే హాల్లోంచి రావడమే మేలు.

గొట్టం మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. బారుగా సాగదీసి ఉన్నదాన్ని కుదించి, వంపులు తీసేసి, పాత బొంత చుట్టాను. ఏసీ వెనకవైపుకు మాత్రం గుడ్డ తగలనివ్వకండి. ఫిల్టర్ కూడా కడిగాను.

నిన్న మూడింటికి 27 చూపించింది. అమ్మ చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం కునుకు తీసింది. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ఒక్కటే మిగిలింది: రాత్రి రెండింటికల్లా ఏసీ లోపలి నీళ్ల ట్యాంకు నిండి అది ఆగిపోతోంది. కింది కన్నానికి పైపు తగిలించి బకెట్‌లోకి వదిలితే సరిపోతుందా?