తేనెటీగ కుడితే కొండిని గీకాలా, లాగాలా?

ప్రశ్న:
పట్టుకారుతో లాగితే తిత్తి నొక్కుకుని విషం ఇంకా ఎక్కుతుందని, గీకే తీయాలని అంటారు. నిజమేనా? వేలి మీద కుడితే చెయ్యంతా వాచిపోవడం ప్రమాదమా? సిట్రిజిన్ వేస్తే సరిపోతుందా?

జవాబు 1:
ఎలాగైనా తీయండి, కానీ వెంటనే తీయండి. తేనెటీగ కొండికి వెనక్కి తిరిగిన సన్నటి ముళ్లుంటాయి. అది చర్మంలో చిక్కుకుని, ఈగ ఎగరబోతే విషపు తిత్తితో సహా తెగి ఉండిపోతుంది. దగ్గరగా చూస్తే ముల్లు మీద చిన్న తెల్లటి బుడిపె ఇంకా కొట్టుకుంటూ కనిపిస్తుంది. ఎవరూ నొక్కకపోయినా లోపలి కవాటాలే విషాన్ని కిందికి తోస్తుంటాయి. సుమారు 20 సెకన్లలో చాలా భాగం దిగిపోతుంది. పట్టుకారు కోసం వెతికేలోపే పని అయిపోతుంది, గోళ్లతోనే లాగేయండి.

తర్వాత అక్కడ నిలబడొద్దు. కొండి నుంచి వచ్చే, అరటిపండును పోలిన వాసన మిగతా ఈగలను రెచ్చగొడుతుంది. దూరం వెళ్లి సబ్బుతో కడిగి, వాపు రాకముందే ఉంగరాలు తీసేసి, గుడ్డలో చుట్టిన ఐస్ 10 నిమిషాలు పెట్టండి. కందిరీగ అయితే సాధారణంగా కొండి వదలదు. లేని ముల్లు కోసం చర్మాన్ని గిల్లొద్దు.

జవాబు 2:
వాపు 10 సెం.మీ. దాటినా, కుట్టినచోటు నుంచే పాకితే అది స్థానిక అలర్జీ. ఒకటి రెండు రోజులు పెరిగి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. దురదకు సిట్రిజిన్ చాలు.

ఒళ్లంతా దద్దుర్లు, నాలుక వాపు, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, కళ్లు తిరగడం వస్తే మాత్రం సిట్రిజిన్‌ను నమ్ముకోవద్దు. పడిపోయే బీపీని అది నిలబెట్టలేదు. అడ్రినలిన్ ఒక్కటే మందు. అడ్రినలిన్ పెన్ (మందు ముందే నింపి ఉన్న ఇంజెక్షన్) ఉంటే తొడ బయటివైపు మధ్యలో పొడవాలి: పెద్దలకు 0.3 మి.గ్రా., 15–30 కిలోల పిల్లలకు 0.15. వెంటనే అంబులెన్స్‌ను పిలవండి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి. లేపి నడిపిస్తే గుండెకు రక్తం చేరక కుప్పకూలే ప్రమాదం ఉంది. తేరుకున్నా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
గుంపుగా మీద పడితే?

జవాబు 3:
చేతులు విసరకుండా, ముఖం కప్పుకుని గదిలోకో కారులోకో పరుగెత్తి తలుపు వేసుకోండి. నీళ్లలో దూకొద్దు, తల పైకెత్తేసరికి అక్కడే తిరుగుతుంటాయి. పదుల కొద్దీ కుడితే అలర్జీ లేకపోయినా విషమే కండరాలను, కిడ్నీలను దెబ్బతీస్తుంది. బాగానే ఉన్నట్టనిపించినా అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. నోట్లో, గొంతులో ఒక్కటి కుట్టినా ఆస్పత్రికి వెళ్లడంలో ఆలస్యం చేయొద్దు. కంటిగుడ్డులో దిగిన కొండిని ఇంట్లో ముట్టుకోవద్దు, కంటి డాక్టరే తీయాలి.