'రన్' అన్న ఒక్క మాటతో తంటా, కాస్త దారి చూపండి

అందరికీ నమస్కారం. డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. పెద్ద పెద్ద ఇంగ్లిష్ మాటలైతే డిక్షనరీలో చూసుకుంటే సరిపోతోంది. నన్ను ఇబ్బంది పెడుతున్నవి చిన్న మాటలే, ముఖ్యంగా 'రన్'.

పోయిన వారం మా మేనేజర్ గారు ఒక రిపోర్ట్ గురించి 'రన్ ఇట్ బై మీ ఫస్ట్' అని మెసేజ్ పెట్టారు. రిపోర్ట్ రన్ చేయమంటున్నారనుకుని, చేసి నేరుగా క్లయింట్‌కు పంపేశాను. ముందు తనకు చూపించమని దానర్థమట. అందులో ఒక అంకె తప్పు పడింది. ఆ రోజంతా టెన్షన్‌తో అన్నం సయించలేదు.

ముక్కు కారినా రన్నే, షాపు నడిపినా రన్నే, ఎన్నికల్లో నిలబడినా రన్నే. పాలు అయిపోతే 'రన్ అవుట్', బజార్లో ఎవరైనా ఎదురుపడితే 'రన్ ఇంటు'. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ వాళ్లు ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు లెక్కగట్టారు. అన్నీ బట్టీ పట్టడం అయ్యే పని కాదు.

మన 'కొట్టు' కూడా ఇంతేగా: కన్ను కొట్టడం, కాపీ కొట్టడం, బోరు కొట్టడం, కంపు కొట్టడం. అవి మనకెవరూ నేర్పలేదు, వింటూ వింటూ వచ్చేశాయి. ఇంగ్లిష్ అలా వినే చోటు నాకు లేదు. ఆఫీసులో మాటలన్నీ తెలుగులోనే, మెయిళ్లు మాత్రం ఇంగ్లిష్‌లో.

నాలాగే తెలుగు మీడియం నుంచి వచ్చి గట్టెక్కినవాళ్లు చెప్పండి. 'రన్' వెనకాల వచ్చే అవుట్, ఇంటు, బై లాంటివాటిని జంటలుగా రాసుకుని నేర్చుకున్నారా, లేక రోజూ ఏదైనా చదివారా, విన్నారా? ఏది పనికొచ్చింది? రోజుకో గంట కేటాయించగలను.