నిమ్మరసం కారిన చోట బొబ్బలు వచ్చాయి. చెట్టు నుంచి వచ్చినవి చర్మానికి నిజంగా సేఫేనా?

వెన్నెలనీడ:

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా కొన్న క్రీములు మానేశాను. లేబుల్ మీద నోరు తిరగని పేర్లు చూస్తేనే టెన్షన్. చెట్టు నుంచి వచ్చినదైతే సైడ్ ఎఫెక్ట్స్ ఉండవని నా నమ్మకం. కలబంద, తేనె, నిమ్మరసం, టీ ట్రీ ఆయిల్, ఇవే వాడతాను.

పది రోజుల క్రితం మోచేతుల నలుపు పోవాలని నిమ్మకాయ పిండి, తేనెలో కలిపి రాశాను. పిండేటప్పుడు రసం మణికట్టు మీంచి ముంజేతి సగం దాకా కారింది, పట్టించుకోలేదు. పూత కడిగేసి ఓ గంట ఎండలో మొక్కల పని చేసుకున్నాను. ఆ రోజు ఏమీ లేదు. మర్నాడు మంట. మూడో రోజు పొద్దున లేచి చూస్తే రసం కారిన దారి పొడవునా ఎర్రటి గీత, దాని మీద వరసగా నీటి బొబ్బలు. ఇప్పుడు బొబ్బలు అణిగాయి కానీ గోధుమరంగు చార మిగిలింది, బ్రష్‌తో గీసినట్టు.

ముఖానికి రాత్రిపూట నిమ్మరసం ఎన్నోసార్లు రాశాను. కాస్త చురుక్కుమనడం తప్ప ఎప్పుడూ ఇలా కాలేదు. ఇది అలర్జీయా? మచ్చ పోతుందా? ఇంకో భయం కూడా ఉంది. మా పాపకి పద్నాలుగేళ్లు, మొటిమలు మొదలయ్యాయి. నా దగ్గరున్న టీ ట్రీ ఆయిల్ సీసాలోంచే నేరుగా రాద్దామనుకున్నాను. ఇప్పుడు చెయ్యి ఆడటం లేదు.

చినుకు:

నాకు నిమ్మ అస్సలు పడదండీ. మీదీ అలర్జీయే అయ్యుంటుంది, ఇక ముట్టుకోకండి.

పాతనర్సు:

వెన్నెలనీడ గారూ, పదకొండేళ్లు చర్మవ్యాధుల విభాగంలో ప్యాచ్ టెస్టులు, అంటే చర్మానికి ఏది పడదో తేల్చే పరీక్షలు చేశాను. డాక్టర్‌ని కాదు కానీ మీరు చెప్పినలాంటి చారలు చాలా చూశాను. ఇది అలర్జీలా లేదు. అలర్జీ అయితే ముందు దురద వేధిస్తుంది, తగిలిన చోటు దాటి పక్కకీ పాకుతుంది. మీకు రసం నడిచిన దారే మిగిలింది.

నిమ్మ తొక్కలోనూ రసంలోనూ ఫ్యూరోకౌమరిన్లనే పదార్థాలుంటాయి. చీకట్లో అవి ఊరికే ఉంటాయి. ఎండలోని యూవీఏ కిరణాలు తగిలితే మాత్రం చర్మకణాల డీఎన్‌ఏకి అతుక్కుని వాటిని చంపేస్తాయి. వైద్యంలో దీన్ని ఫైటోఫోటోడెర్మటైటిస్ అంటారు. బొబ్బలు రెండు మూడు రోజులకి ముదరడం దీని పద్ధతే, అందుకే చాలామందికి నిమ్మకాయ గుర్తే రాదు. రాత్రి రాసినప్పుడు మీరు తప్పించుకున్నది ఎండ లేకపోవడం వల్ల. అప్పటి చురుకు మాత్రం ఆమ్లానిది. చర్మం పీహెచ్ సుమారు 5, నిమ్మరసానిది 2 నుంచి 2.5. ఒక్కో అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరుగుతుంది, కాబట్టి రాత్రిపూట కూడా వద్దనే అంటాను.

మచ్చ పోతుంది, కానీ వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ చోట ఎండ పడకుండా కప్పుకోండి. రుద్దకండి, పోగొట్టాలని మళ్లీ ఏ రసమూ పూయకండి.

ఇక టీ ట్రీ. ఒకావిడ తన సీసా తెచ్చారు, సగం ఖాళీ, మూత వదులు, ఏడాదిగా స్నానాల గది కిటికీలో ఉన్నదట. ప్యాచ్ టెస్టులో చిన్న చిన్న బిళ్లల్లో ఒక్కో పదార్థం వేసి వీపుకి అంటిస్తాం. 48 గంటలకి తీసి చూస్తాం, మళ్లీ నాలుగో రోజు చూస్తాం. టీ ట్రీ బిళ్ల తీసిన చోట ఎర్రగా, వేలికి తగిలేంత ఉబ్బుగా లేచింది. "ఏడాది నుంచి వాడుతున్నా, ఒక్కనాడూ ఏం కాలేదు" అన్నారు. నిజమే, అలర్జీ తొలిరోజే రానక్కర్లేదు. వాడగా వాడగా శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. గాలి, వెలుతురు తగిలి పాతబడిన నూనె అందుకు ఇంకా దోహదం చేస్తుంది.

ఆ బిళ్లల్లో చాలా పదార్థాలను మేం కలిపేది పెట్రోలియం జెల్లీలో. శుద్ధి చేసిన ఆ జిడ్డు దాదాపు ఎవరికీ అలర్జీ కలిగించదు కాబట్టి. ఆవిడకి పడనిది ఆకు నుంచి వచ్చింది, దాన్ని మోసినది ముడిచమురు నుంచి వచ్చింది. ఆ వేళ నుంచి నేను ఏ సీసా చూసినా అది ఎక్కడ పుట్టిందని అడగడం మానేశాను. అందులో ఏముంది, ఎంత శాతం, మూత తీసి ఎన్నాళ్లయింది, ఇవే అడుగుతాను.

మీకు టెన్షన్ పెట్టే పేర్లలో లినలూల్, లిమోనిన్ ఉన్నాయేమో చూడండి. లావెండర్ నూనెలో, నిమ్మజాతి తొక్కల్లో సహజంగా ఉండే వాసన పదార్థాలే అవి, కొందరికి అలర్జీ తెస్తాయి. రాసి వదిలేసే క్రీముల్లో 0.001 శాతం దాటితే ఆ పేర్లు లేబుల్ మీద రాయాలని యూరప్‌లో నిబంధన ఉంది. ఇంట్లో పిండుకున్న రసానికి లేబుల్ ఉండదు, అంతే తేడా.

పాపకి నేరుగా మాత్రం రాయకండి. మొటిమలకి టీ ట్రీ పనిచేయదని కాదు. 1990లో ఆస్ట్రేలియాలో 5 శాతం టీ ట్రీ జెల్‌ని మొటిమలకి మామూలుగా వాడే మందు బెంజాయిల్ పెరాక్సైడ్‌తో, అదీ 5 శాతమే, పోల్చారు. రెండూ పనిచేశాయి, టీ ట్రీ నెమ్మదిగా, కానీ మంట, పొడిబారడం తక్కువగా. అది 5 శాతం. మీ సీసాలోది నూటికి నూరు శాతమై ఉంటుంది.

ఆకుపచ్చ:

కలబంద గురించి ఒక్క మాట. మట్ట కోయగానే కారే పసుపు జిగురు చాలామందికి దురద పెడుతుంది. కోసిన మట్టని కాసేపు నిలబెట్టి అది కారిపోయాక, కడిగి, లోపలి తెల్లటి గుజ్జే తీసుకోండి. నీళ్లు కలిపి చేసుకున్నవేవీ సీసాల్లో దాచకండి. ప్రిజర్వేటివ్ లేకపోతే కంటికి కనిపించేలోపే బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. నేను ఒకప్పుడు వారం దాచినది కళ్ల కింద రాసుకుని రెప్పలు తెరవలేనంత వాపు తెచ్చుకున్నాను.

వెన్నెలనీడ:

ఇప్పుడే సీసా తీసి చూశాను. మూత చుట్టూ జిగురు గట్టిపడింది. ఎప్పుడు తెరిచానో నాకే గుర్తులేదు. పారేశాను. 5 శాతం జెల్ కొంటే ముందు నా చేతికి రాసి చూడనా?

పాతనర్సు:

మీ చేతికి కాదు, పాప చేతికే రాయాలి. మోచేతి మడత లోపల, రూపాయి బిళ్లంత చోట, రోజుకి రెండుసార్లు, ఏడు నుంచి పది రోజులు. ఒక్కరోజు చూసి బాగుందనుకోవద్దు. ఎరుపు, దురద, ఉబ్బు ఏది కనిపించినా కడిగేసి ఆపేయండి. మొటిమలు లోతుగా, నొప్పిగా ఉంటే జెల్ కోసం ఆగకుండా డాక్టర్‌కి చూపించండి, అలాంటివి గుంటలు వదిలేస్తాయి.