సమస్య: తాళమున్న దింటఁ దలుపు లేదు

నిర్వాహకుడు (పర్లాకిమిడి): ఈసారి ఆటవెలది, నాలుగో పాదం ఇచ్చాను. తలుపు లేని ఇంటికి తాళం ఎందుకని నన్నడగకండి, అది తేల్చడమే మీ పని. పూరణ మాత్రం కంప్యూటర్ తెరకు తాళం వేసే విషయం మీదే ఉండాలి. మహేంద్రతనయ నది ఒడ్డు, వెన్నెల వద్దు. పోయినసారి ఎనిమిది పద్యాల్లో అవే.

బరంపురం శిష్యుడు:

చాయి తాగ లేచె సారు మూయక తెర
పక్క సీటువాఁడు పాడు కోఁతి
విందు నాదె యనుచు వేసె మెసేజొండు
తాళమున్న దింటఁ దలుపు లేదు

స్వానుభవమే. గ్లాసు సగం కూడా కాలేదు, ఆఫీసు గ్రూపులో నా పేరు మీద "శనివారం బిర్యానీ నాదే" అని వచ్చేసింది. పదకొండు మందికి పెట్టాను.

నిర్వాహకుడు: చా-సా యతి బాగుంది, 'మెసేజొండు' దగ్గర నవ్వొచ్చింది. కానీ 'ఇంట' ఏది నాయనా? కథంతా ఆఫీసులో జరిగింది. తాళమేదో కూడా చెప్పలేదు. తెర మూయడమంటే ల్యాప్‌టాప్ మూత అనుకుంటారు.

గుణుపురం బావ:

కిటికి మీటఁ బట్టి కేల నెల్లదుమఁగఁ
జిటికలోనఁ దెరకు సీలు పడును
కిటికిలే గదోయి గేహమంతయు బావ
తాళమున్న దింటఁ దలుపు లేదు

నిర్వాహకుడు: ఇదీ పూరణంటే! విండోస్‌ని కిటికీ చేసి, అన్నీ కిటికీలే ఉన్న ఇల్లు కట్టి, తలుపు అవసరమే లేకుండా చేశారు. విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కితే లాక్ పడుతుందన్న సంగతీ పద్యంలోనే దొరికింది. 'కిటికీలే' అనాల్సింది 'కిటికిలే' అయింది, సర్దుకుందాం. 'కేల' దగ్గరే నా పేచీ. కేలు ఒక్కటే కదా. విండోస్ మీట ఎడమ పక్కన, ఎల్ కుడి పక్కన. ఒక చేత్తో ఎలా అందుతాయి? టీ గ్లాసు కింద పెట్టాల్సిందే.

రాయగడ అక్కయ్య: ఆపిల్ వాళ్ల మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, క్యూ. మూడూ ఎడమ చేతికే అందుతాయి. కాకపోతే ఎల్లూ పోయి, కిటికీ పోయి, పద్యమే ఉండదు! ఇంకోటి, 'సీలు' అంటే లోపలి పని ఆగిపోతుందేమోనని మా అమ్మాయి బెంగ. ఆగదమ్మా. డౌన్‌లోడు నడుస్తూనే ఉంటుంది, సగం టైపు చేసిన ఉత్తరం అలాగే ఉంటుంది. మూసుకునేది తెర ఒక్కటే. ఇక నా వంతు:

లాకు వేసి వెళ్లె లక్షణముగ సారు
పాసువర్డు రాసి పక్క నుంచె
చీటి చూచి లోనఁ జేరు నెవ్వాఁడైన
తాళమున్న దింటఁ దలుపు లేదు

బరంపురం శిష్యుడు: అక్కయ్యా, మా మేనేజరు మానిటర్ కింద పసుపు చీటీ మీకెలా కనిపించింది?

నిర్వాహకుడు: భావం చురుక్కుమంది. కానీ 'ఎవ్వాఁడైన' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని తర్వాత 'తాళము' కాస్తా 'దాళము' కావాలి.

రాయగడ అక్కయ్య: గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని నాకు సరళాదేశం నేర్పుతున్నారా? పైగా సమస్యలో 'తాళం' అనిచ్చింది మీరే.

నిర్వాహకుడు: ఓడాను తల్లీ.

గుణుపురం బావ: 'కేల' తీసేశాను. "కిటికి మీటఁ బట్టి గిల్లి యెల్లదుమఁగ". కి-గి యతి నిలిచింది. గిల్లితే ఎల్లుకు నొప్పెట్టదు కదా?

నిర్వాహకుడు: నొప్పెట్టేది పక్క సీటు కోతికి. ఖాయం చేశాను.