అనంతపురంలో ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్: హెచ్‌డీ 600 తీసుకోవాలా, సుందర తీసుకోవాలా?

సాయినగర్ శ్రోత

అందరికీ నమస్తే. ఇంట్లో కూర్చుని పాటలు వినడానికి మంచి ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ ఒకటి కొనాలని చాన్నాళ్లుగా ఆశ. ఇప్పటికి డబ్బు పక్కన పెట్టగలిగాను. హెడ్‌ఫోన్‌కు 40 వేల వరకు, అవసరమైతే ఆంప్‌కు (హెడ్‌ఫోన్‌కు శక్తి పెంచి ఇచ్చే పెట్టె) ఇంకో 10 వేల వరకు పెడతాను. ఏడాదికొకటి మార్చే అలవాటు నాకు లేదు. కొన్నది పదేళ్లు నాతోనే ఉండాలి.

వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, అందులోనూ పాత కచేరీల రికార్డింగులు. తర్వాత అరవైలు, డెబ్బైల నాటి సినిమా పాటలు. ఎప్పుడైనా జాజ్.

ఇలాంటివి పెట్టుకుని విని చూసే షాపు మా ఊళ్లో నాకు దొరకలేదు. వీడియోలు చూస్తుంటే ఒకరు చెప్పిందానికి ఇంకొకరు చెప్పేదానికి పొంతన లేదు. చివరికి సెన్‌హైజర్ హెచ్‌డీ 600, హైఫైమ్యాన్ సుందర, ఎడిషన్ ఎక్స్‌ఎస్, ఈ మూడింటి దగ్గర ఆగాను. కళ్లజోడు పెట్టుకుంటాను. పాటలు ల్యాప్‌టాప్ నుంచే. ఫోన్‌కు హెడ్‌ఫోన్ జాక్ లేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక హాల్లో కూర్చుంటాను. పడకగదికి తలుపు ఉంది.

ఏది తీసుకోమంటారు? ఆంప్ తప్పనిసరా?

బురుజు నీడ

కర్నూలు నుంచి. మోడల్ సంగతి తర్వాత, ముందు ఇది చెప్పండి. మీరు వినేటప్పుడు కూలర్ తిరుగుతూ ఉంటుందా? ఓపెన్ బ్యాక్‌లో శబ్దం పుట్టించే డ్రైవర్ వెనక ఉండేది జాలీ మాత్రమే. బయటి చప్పుడు నేరుగా చెవిలోకి వస్తుంది, మీ పాట బయటికి పోతుంది. తలుపు వేసుకుంటే పడకగదిలో వాళ్లకు ఇబ్బంది ఉండదు. అదే హాల్లో ఎవరైనా పడుకుంటే మాత్రం కుదరదు. నేనైతే ఎండాకాలం రెండు నెలలు ఓపెన్ బ్యాక్ లోపల పెట్టేసి ఇయర్‌ఫోన్‌లతో గడిపేస్తాను.

సాయినగర్ శ్రోత

కూలర్ మార్చి నుంచి జూన్ దాకా ఉంటుందన్నా. ఫ్యాన్ మాత్రం ఏడాది పొడుగునా తిరగాల్సిందే. అంత తేడా వస్తుందా?

తొప్పి నాదం

నేనూ అనంతపురమే. మృదంగం వాయిస్తాను, కచేరీలకు పక్కవాద్యంగా వెళ్తుంటాను. హెచ్‌డీ 600 ఎన్నో ఏళ్లుగా నా దగ్గర ఉంది. సుందరను బెంగళూరులో ఒక మిత్రుడి ఇంట్లో తీరిగ్గా, నాకు బాగా తెలిసిన రికార్డింగులతో విన్నాను.

మీరు వినే సంగీతానికి హెచ్‌డీ 600 తీసుకోండి. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీది పదేళ్ల నిర్ణయం.

అది 1997లో వచ్చిన మోడల్. అసలు ఓపెన్ బ్యాక్ అనే పద్ధతిని జనంలోకి తెచ్చింది కూడా ఆ కంపెనీయే, 1968లో హెచ్‌డీ 414తో. మూసి ఉన్న హెడ్‌ఫోన్‌లో డ్రైవర్ వెనక నుంచి వచ్చే శబ్దం కప్పుకు తగిలి తిరిగి చెవి వైపే వస్తుంది. గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉండేది అందుకే. వెనక తెరిచేస్తే ఆ శబ్దం బయటికి పోతుంది, గొంతు తేటగా వినిపిస్తుంది. హెచ్‌డీ 600లో ఈ తేటదనం గొంతు, వయొలిన్, వీణ, వేణువు ఉండే మధ్య స్థాయిలో బాగా తెలుస్తుంది.

నేను దేన్ని పట్టుకుని పరీక్షిస్తానో చెప్తాను. మృదంగం కుడివైపు అంచు మీద చూపుడు వేలు పడితే 'నం' అని పలుకుతుంది. చిటికెన వేలితో కరణి (మధ్యలో ఉండే నల్లటి భాగం) మీద చాపు అనే దెబ్బ వేస్తే శ్రుతితో పాటు సన్నని జీర ఒకటి వస్తుంది. తోలు పొరల మధ్య దూర్చిన పుల్లల వల్ల వచ్చే జీర అది. మామూలు హెడ్‌ఫోన్‌లలో ఈ రెండూ ఒకటే 'టక్' అయిపోతాయి. హెచ్‌డీ 600లో ఏది ఏ దెబ్బో, పుల్ల సరిగ్గా కూర్చుందో లేదో కూడా నాకు తెలుస్తుంది. పక్కన తంబుర మోగుతుంటే దాని తీగలు ఒక్కొక్కటీ విడిగా వినిపిస్తాయి. నలభై, యాభై ఏళ్ల కిందటి టేపుల్లో కూడా ఇంత వినిపించడం చూసి మొదట్లో నిద్ర మానేసి విన్నాను.

ఇక లోటు. ఎడమవైపు తొప్పికి రవ్వ ముద్ద పెడతాం కదా, అరచేతి మొదలుతో తోస్తూ గుంకీ వేస్తే శబ్దం కింది నుంచి పైకి జారుతుంది. ఆ జారుడు హెచ్‌డీ 600లో తెలుస్తుంది, దాని అడుగున ఉండాల్సిన బరువు మాత్రం తగ్గుతుంది. ఈ హెడ్‌ఫోన్ బాస్ అట్టడుగుకు పోయేకొద్దీ పలచబడుతుంది. సుందర అలా కాదు. అది ప్లానర్. పలుచటి పొర మీద వాహకాన్ని పరిచి, ఆ పొర మొత్తాన్నీ అయస్కాంతాల ఎదుట కదిలిస్తారు. అడుగు దాకా బాస్ దాదాపు సమంగా దిగుతుంది. కొత్త డిజిటల్ రికార్డింగులో తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) వింటే సుందరదే పైచేయి, అందులో సందేహం లేదు.

కానీ మీరు చెప్పింది పాత కచేరీలు. ఆ టేపుల్లో చాలావాటికి అట్టడుగు బాస్ ఎక్కనే లేదు, పైన మాత్రం టేపు బుస ఉంటుంది. సుందర పైస్థాయిలో కొంచెం మెరుపు ఎక్కువ. ఆ బుస, 'స' అక్షరాల పదును గంటసేపు విన్నాక చెవికి అలసట తెస్తాయి. హెచ్‌డీ 600 పాత రికార్డింగుల మీద దయగా ఉంటుంది. పైగా అరవైల సినిమా పాటలు మోనో, అంటే రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం. సౌండ్ స్టేజ్ (శబ్దం మన చుట్టూ పరుచుకున్నట్టు అనిపించడం) ఎంత వెడల్పు అని వీడియోల్లో చెప్పే మాటలకు ఆ పాటల్లో పని లేదు. మోనోలో గొంతు తల మధ్యలో కదలకుండా నిలబడాలి. దానికి ఎడమ, కుడి డ్రైవర్లు ఒకే తీరుగా ఉండాలి. కొన్న రోజే ఒక మోనో పాట పెట్టి గొంతు ఒక పక్కకు లాగుతోందేమో చూడండి. లాగితే వెంటనే మార్పించుకోండి.

ఫ్యాన్ సంగతి. బురుజు నీడ గారు అడిగింది చాలా ముఖ్యం. ఫ్యాన్ చప్పుడు మొదట మింగేసేది తంబురను, గమకం చివర సన్నగా ఆరిపోయే స్వరాన్ని. డబ్బు పెట్టి కొనేది వాటి కోసమే. అప్పుడు మనకు తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కూలర్ పక్కన కూర్చుంటే ఆ హద్దు దాటడం చాలా సులువు. ఫ్యాన్ ఒకటో రెండో నంబరులో పెట్టి, కుర్చీని దాని కింద నుంచి గది మూలకు జరపండి. గాలి నేరుగా జాలీకి తగలకపోతే సగం గోల పోతుంది. కూలర్ రోజుల్లో కర్నూలు అన్న చెప్పిన దారే మంచిది.

ఆంప్. హెచ్‌డీ 600 నిరోధం 300 ఓమ్స్ అని చూసి భయపడొద్దు. లెక్క ఇది: 1 వోల్టు ఇచ్చే చిన్న డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించి హెడ్‌ఫోన్ పెట్టుకునే ముక్క) 300 ఓమ్స్‌లోకి 3.3 మిల్లీవాట్లు ఇస్తుంది, 2 వోల్టులు ఇచ్చేదైతే 13.3. రాత్రిపూట మామూలుగా వినడానికి మొదటిదే సరిపోతుంది. పాత కచేరీలు తక్కువ లెవెల్‌లో రికార్డయి ఉంటాయి కాబట్టి 2 వోల్టుల డాంగిల్ తీసుకోండి. సుందర 37 ఓమ్స్. అదే 2 వోల్టులకు అది 108 మిల్లీవాట్లు లాగుతుంది, అంటే 54 మిల్లీయాంప్స్ కరెంటు. చిన్న డాంగిళ్లలో చాలావాటికి అంత ఇవ్వడం కష్టం. హెచ్‌డీ 600 అడిగేది వోల్టేజి, సుందర అడిగేది కరెంటు. మీ 10 వేలు ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉండనివ్వండి.

మన ఊరికి సంబంధించిన మాట ఒకటుంది, దీన్ని ఏ వీడియోలోనూ చెప్పరు. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే హెడ్‌ఫోన్‌లో 'గుమ్మ్' అని మోత వస్తే చాలాసార్లు అది హెడ్‌ఫోన్ తప్పు కాదు, ఇంటి ఎర్తింగ్ తప్పు. మా ఇంట్లో చార్జర్ పీకితే మోత ఆగిపోయేది, ల్యాప్‌టాప్ ఇనుప ఒంటి మీద చెయ్యి వేస్తే సన్నగా జిల్లుమనేది. ఎర్త్ గుంత తవ్వి చూస్తే ఎండిపోయి ఉంది. ఉప్పు, బొగ్గు మళ్లీ వేయించి, వేసవిలో నీళ్లు పోస్తూ ఉన్నాక మోత పోయింది. మన నేల ఎంత పొడినేలో తెలుసు కదా. పెద్ద ఆంప్ కొనేవాళ్లు ముందు ఈ పని చేయించుకోవాలి.

కళ్లజోడుకు హెచ్‌డీ 600 మొదట బిగుతుగానే ఉంటుంది. రాత్రంతా నాలుగు లావుపాటి పుస్తకాల మీద తొడిగి ఉంచితే సడలుతుంది. బరువు 260 గ్రాములే. సుందర 372, ఎడిషన్ ఎక్స్‌ఎస్ 405. రెండు గంటల కచేరీ మొత్తం వినేవాళ్లకు ఈ తేడా మెడ దగ్గర తెలుస్తుంది.

బళ్లారి రోడ్డు

తొప్పి నాదం గారితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ సుందరను మరీ తొందరగా పక్కన పెట్టారు. ఇప్పుడు ఈక్వలైజర్ (బాస్, పైస్థాయి ఎక్కువ తక్కువ చేసే సాఫ్ట్‌వేర్) ఉచితంగా దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌లో పైస్థాయి రెండు మూడు డెసిబెల్స్ దించితే ఆ మెరుపు పోతుంది, బాస్ ఎలాగూ ఉంది. నేను జాజ్ ఎక్కువ వింటాను. డబుల్ బాస్ తీగ మీద వేలు పడ్డ చోటు నుంచి చెక్కపెట్టె మోగే దాకా ప్లానర్‌లో వినిపించినట్టు ఇంకెందులోనూ వినలేదు. హెచ్‌డీ 600కు ఈక్వలైజర్‌తో అడుగు బాస్ పెంచాలంటే ఒక హద్దు దాటాక డ్రైవర్ వక్రంగా పలుకుతుంది.

తొప్పి నాదం

మీరన్నది నిజం. శ్రోత గారు జాజ్ ముందు, కచేరీలు తర్వాత అని రాసి ఉంటే నేనూ సుందరే చెప్పేవాణ్ని. అయితే ఈక్వలైజర్ దించేటప్పుడు బుసతో పాటు వయొలిన్ కమాను రాపిడి కూడా తగ్గుతుంది. ఆ రాపిడి నాకు కావాలి. రోజూ సెట్టింగులు ముట్టుకోకుండా పాట పెట్టుకుని కూర్చునేవాళ్లకు హెచ్‌డీ 600 సుఖం.

సాయినగర్ శ్రోత

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. వచ్చే నెల పెళ్లికి బెంగళూరు వెళ్తున్నాం. అక్కడ రెండూ విని కొంటాను. వినేటప్పుడు ఏం చూసుకోవాలి? ఇంకో అనుమానం. ఇక్కడి దుమ్ముకు ఆ జాలీలు పదేళ్లు తట్టుకుంటాయా?

తొప్పి నాదం

మీ పాటలు మీరే తీసుకెళ్లండి. షాపువాళ్లు పెట్టే పాటలు ఏ హెడ్‌ఫోన్‌లోనైనా బాగుంటాయి. ఒక పాత కచేరీ ముక్క, ఒక మోనో సినిమా పాట, కొత్త రికార్డింగు ఒకటి చాలు. రెండింటి వాల్యూమ్ సమానంగా ఉండేలా చూసుకోండి. కాస్త గట్టిగా మోగేదే మెరుగ్గా అనిపిస్తుంది, ఎంత అనుభవం ఉన్న చెవికైనా. జనం తక్కువగా ఉండే పొద్దున పూట వెళ్లండి. రెండు నిమిషాలు వినేసి మార్చొద్దు, ఒక్కోదానితో ఒక కీర్తన పూర్తిగా వినండి.

దుమ్ముకు జాలీ లోపల నురుగు పొర ఉంటుంది, అది చాలావరకు ఆపుతుంది. ఆషాఢం గాలులు వీచే రోజుల్లో మాత్రం బయట వదిలేయకండి, వాడగానే గుడ్డ సంచిలో పెట్టండి. దుమ్ము కంటే తలవెంట్రుకతో గోల ఎక్కువ. ఒక్క వెంట్రుక లోపలికి దూరి డ్రైవర్ పొరకు ఆనితే బాస్ వచ్చినప్పుడల్లా గరగరమంటుంది. ప్యాడ్ ఊడదీసి, పల్చటి నురుగు పక్కకు తీసి మెల్లగా దులిపితే పోతుంది.

పదేళ్ల లెక్కలో మీరు మార్చాల్సింది ప్యాడ్లు. అవి గుడ్డవి కాబట్టి మన ఎండకు తోలు వాటి కంటే హాయి, కానీ చెమటకు అణిగిపోతాయి. అణిగితే చెవి డ్రైవర్‌కు దగ్గరై శబ్దం మారుతుంది. హెచ్‌డీ 600లో ప్యాడ్లు, వైరు, తల మీది మెత్త అన్నీ విడిగా దొరుకుతాయి, చేత్తోనే మార్చుకోవచ్చు. కొనేటప్పుడే ఒక జత ప్యాడ్లు అదనంగా తీసుకోండి. బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోవడం మర్చిపోవద్దు, వారంటీకి అదే అడుగుతారు.