బాయిలర్ ఆగింది, ఏజెంటేమో గురువారం అంటున్నాడు

అడిగినవారు: రీడింగ్ ఊరి నుంచి, కొత్త సభ్యుడు

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ వచ్చి ఆరు వారాలైంది. ఏజెన్సీ ద్వారా రెండు బెడ్‌రూముల ఫ్లాటు తీసుకున్నాం. రాత్రి నుంచి రేడియేటర్లు చల్లబడిపోయాయి, కుళాయిలో వేడినీళ్లు లేవు. కాంబీ బాయిలర్, అంటే గదుల వేడీ కుళాయి వేడినీళ్లూ రెండూ దాంతోనే. కిందున్న గుండ్రటి గేజిలో ముల్లు సున్నా దగ్గరుంది. రెండేళ్ల పాప ఉంది. ఏజెంటుకి ఫోన్ చేస్తే ఇంజినీరు గురువారం వస్తాడన్నాడు. ఇవాళ శనివారం! బయటి మనిషిని మేమే పిలిపించుకోవచ్చా? డబ్బు ఎవరు కట్టాలి?

జవాబు: స్లౌ నుంచి

తమ్ముడూ, ఎవరినీ పిలవద్దు. ఊళ్లో గీజర్ పాడైతే వీధి చివర ఎలక్ట్రీషియన్ని పిలిచి, వెయ్యో రెండు వేలో ఇచ్చి పంపేస్తాం. ఇక్కడ బాయిలర్ ఓనర్ది. దాన్ని ఎవరు విప్పాలో ఆయనే తేల్చాలి. నువ్వు పిలిచినవాడి బిల్లు చివరికి నీ నెత్తినే పడొచ్చు.

ముందు గ్యాస్ వాసన ఉందేమో చూడు. ఉంటే స్విచ్చులు ముట్టుకోకుండా కిటికీలు తీసి, మీటరు దగ్గర లీవరును పైపుకి అడ్డంగా తిప్పి, బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చెయ్. పగలూ రాత్రీ పలుకుతారు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని పసిగట్టే అలారం మోగినా అంతే. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం మొదలై, బయటికెళ్తే తగ్గుతున్నా అదే పని.

అవేమీ లేకపోతే, ముల్లు సున్నాలో ఉందంటే సిస్టంలో నీళ్లు తగ్గాయన్నమాట. బాయిలర్ తెర మీద లోపం చెప్పే కోడ్ ఉందా? వైలంట్ కంపెనీ బాయిలర్లో ఎఫ్ 22, ఐడియల్ లాజిక్‌లో ఎఫ్ 1 వచ్చాయంటే నీళ్ల సంగతే. వైలంట్‌లో ఎఫ్ 28, వూస్టర్ బాష్‌లో ఈఏ వస్తే మంట అంటుకోవడం లేదని. అప్పుడు గ్యాస్ స్టవ్ వెలుగుతోందో లేదో చూడు. వెలగకపోతే ప్రీపే మీటర్లో (ముందే డబ్బు వేసి వాడుకునేది) డబ్బు అయిపోయిందేమో చూసుకో. నవ్వకు, సగం మంది కొత్తవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

నీళ్లు నింపడానికి ఏజెంటుని ఒక మెసేజీతో అడుగు, సాధారణంగా వాళ్లే నింపమంటారు. ఇది గ్యాస్ పని కాదు, మూత విప్పే అవసరమే లేదు. బాయిలర్ కింద జడలా అల్లిన వెండిరంగు గొట్టం ఉంటుంది. రెండు చివర్లా చిన్న వాల్వులుంటాయి. వాల్వు మీది గీత గొట్టానికి అడ్డంగా ఉంటే మూసినట్టు, గొట్టం వెంబడే ఉంటే తెరిచినట్టు. (కొన్ని మోడళ్లలో గొట్టం ఉండదు, అడుగున లీవరో ప్లాస్టిక్ తాళంచెవో ఉంటుంది.) బాయిలర్ ఆపి, చల్లారాక మొదటి వాల్వు పూర్తిగా, రెండోది కొద్దికొద్దిగా తెరువు. నీళ్లు పోతున్న చప్పుడు వినిపిస్తుంది. ముల్లు 1.2 నుంచి 1.5 బార్ (గేజి మీది ప్రెషర్ కొలత) మధ్యకి రాగానే రెండూ మూసెయ్. రెండూ! ఒకటి మూసి మరచిపోతే రాత్రంతా నీళ్లు ఎక్కుతూనే ఉంటాయి. తర్వాత రీసెట్ నొక్కు. ఒకటి రెండుసార్లకు మించి రీసెట్ చేయకు.

ఇంకో సంగతి. బయట గడ్డకట్టే చలి ఉంటే, బాయిలర్ బుడబుడమని ఆగిపోతే, గోడలోంచి బయటికెళ్లే సన్నటి ప్లాస్టిక్ పైపు చూడు. మంటలోంచి వచ్చిన ఆవిరి చల్లబడి ఆ నీళ్లు అందులోంచే పోతాయి. ఎక్కువగా 21.5 మిల్లీమీటర్ల పైపే పెట్టి వదిలేస్తారు, అది గడ్డకడుతుంది. గోరువెచ్చని నీళ్లు వంపుల దగ్గరా కింది చివరా పోస్తే పది నిమిషాల్లో కరుగుతుంది. మరిగే నీళ్లు పోస్తే పైపు పగులుతుంది, కింద పడ్డ నీళ్లు గడ్డకట్టి నువ్వే జారతావు.

జవాబు: మిల్టన్ కీన్స్ నుంచి

పై మాటలకి చట్టం సంగతి కలుపుతానండీ.

1985 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం, సెక్షన్ 11. ఏడేళ్లలోపు అద్దె ఒప్పందాల్లో గదులు వేడెక్కించే ఏర్పాటు, నీళ్లు వేడెక్కించే ఏర్పాటు, గ్యాసు, కరెంటు, నీళ్ల లైన్లు పనిచేసేలా ఉంచడం ఓనర్ బాధ్యత. అగ్రిమెంటులో "బాయిలర్ రిపేరు అద్దెదారుదే" అని రాసున్నా చెల్లదు. మీరే విరగ్గొట్టి ఉంటే మాత్రం ఆయన బాధ్యత కాదు.

అయితే మెలిక ఒకటి ఉంది. ఇంటి లోపలి వస్తువు పాడైందని ఓనరుకి తెలిసినప్పటి నుంచే ఆ బాధ్యత మొదలవుతుంది. ఫోన్లో చెప్పిన మాటకి రుజువేముంది? ఇవాళే ఈమెయిల్ పెట్టండి. ఏజెంటుకి పెట్టి, ఓనర్ అడ్రసు తెలిస్తే కాపీ ఆయనకీ. అందులో ఉండాల్సినవి: ఇంటి చిరునామా, ఏ రోజు ఎన్ని గంటలకి ఆగింది, వేడీ వేడినీళ్లూ రెండూ లేవని, గేజి ఫోటో, కోడ్ ఉంటే దాని ఫోటో, రెండేళ్ల పాప ఉందని, గదుల్లో థర్మామీటరు ఎంత చూపిస్తోందో, ఇంజినీరు ఎప్పుడొచ్చినా తలుపు తీస్తామని, అప్పటిదాకా రెండు ఎలక్ట్రిక్ హీటర్లు పంపమని. కోపం వద్దు, అంకెలు చాలు. ఆ మెయిల్ రేపు కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) అధికారి చదవాల్సి రావచ్చు, ఆయన కోసం రాస్తున్నట్టే రాయండి.

ఎన్ని గంటల్లో బాగుచేయాలని చట్టంలో లెక్క లేదు, "తగిన సమయం" అంటుంది. చలికాలం, చంటిపిల్ల ఉన్న ఇల్లు, వేడి అసలే లేదు. ఇలాంటప్పుడు ఒకటి రెండు రోజుల్లో మనిషి రావాలని గట్టిగా అడగొచ్చు. గురువారం అంటే ఐదు రోజులు, ఒప్పుకోవద్దు. చాలా ఏజెన్సీలకి సెలవు రోజుల ఎమర్జెన్సీ నంబరు వేరుగా ఉంటుంది. అగ్రిమెంటుతో ఇచ్చిన కాగితాల్లో వెతకండి.

ఇంట్లో దిగేముందు గ్యాస్ సేఫ్టీ సర్టిఫికెట్ ఇచ్చారా? వాడుకలో సీపీ 12 అంటారు. 1998 నిబంధనల ప్రకారం 12 నెలలకోసారి తనిఖీ చేయించాలి, కొత్తగా దిగేవాళ్లకి దిగకముందే ఇవ్వాలి. అదే మెయిల్లో ఒక వాక్యంగా దాన్నీ అడగండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా 2022 అక్టోబరు 1 నుంచి గ్యాస్ బాయిలర్ ఉన్న నివాస గదిలో తప్పనిసరి.

రీడింగ్ సభ్యుడు మళ్లీ

చాలా థాంక్స్. నింపాను, 1.3 కి వచ్చింది, బాయిలర్ వెలిగింది! కానీ రేడియేటర్లు వేడెక్కాక ముల్లు దాదాపు 3 దాకా వెళ్లింది. పొద్దున చూస్తే మళ్లీ సున్నా. బయట గోడకి ఉన్న చిన్న రాగి గొట్టం కింద తడిగా ఉంది.

జవాబు: స్లౌ నుంచి

సరిగ్గా చూశావు తమ్ముడూ, రోగం చాలావరకు బయటపడినట్టే.

నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. సిస్టంలో 80 లీటర్లు ఉన్నాయనుకుంటే, 10 డిగ్రీల నుంచి 70కి చేరేసరికి సుమారు 1.8 లీటర్లు ఎక్కువవుతాయి. ఆ ఎక్కువ నీటికి చోటివ్వడానికి బాయిలర్లో ఎక్స్‌పాన్షన్ వెసెల్ అని ఓ డబ్బా ఉంటుంది. మధ్యలో రబ్బరు పొర, ఒక పక్క గాలి, ఒక పక్క నీళ్లు. గాలి పోయినా పొర చిరిగినా నీళ్లకి చోటుండదు. ప్రెషర్ 3 బార్‌కి ఎగబాకి, సేఫ్టీ వాల్వు తెరుచుకుని, ఆ రాగి గొట్టంలోంచి నీళ్లు బయటికి పోతాయి. చల్లారాక లోపల మిగిలింది తక్కువ కనుక ముల్లు సున్నాకి వస్తుంది.

గాలి మాత్రమే పోయి ఉంటే ఇంజినీరు సైకిల్ ట్యూబు వాల్వు లాంటి దానికి పంపు పెట్టి మళ్లీ 0.75 నుంచి 1 బార్ దాకా నింపుతాడు, అరగంట పని. వాల్వు పిన్ను నొక్కితే గాలికి బదులు నీళ్లు వచ్చాయంటే పొర చిరిగిందని, వెసెల్ మార్చాలి. ఒకసారి తెరుచుకున్న సేఫ్టీ వాల్వు మళ్లీ సరిగ్గా మూసుకోకపోవచ్చు, అది కూడా మార్చమని అడుగు. దాన్ని వదిలేసి వెళితే వారంలో మళ్లీ ఇదే కథ.

అప్పటిదాకా రోజూ నింపుకుంటూ పోకు. కొత్త నీళ్లతో కొత్త ఆక్సిజన్ లోపలికెళ్తుంది, రేడియేటర్లు తుప్పు పడతాయి, తుప్పు పట్టకుండా పోసిన మందు పల్చబడుతుంది. పాప కోసం రోజుకోసారి తప్పదంటే నింపు. ఎప్పుడు నింపావో, ముల్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో రాసుకుని ఆ లెక్క ఏజెంటుకి పంపు. "బాయిలర్ పనిచేయడం లేదు" కంటే "వేడికి 3 బార్, చల్లారితే సున్నా, బయటి గొట్టం కారుతోంది" అని రాస్తే ఇంజినీరు విడిభాగాలు వెంట తెచ్చుకుంటాడు.

హీటర్ల సంగతి. ఒక్కో 2 కిలోవాట్ల హీటరు దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు 13 ఆంపియర్లదే, రెండు హీటర్లు ఒకే బోర్డుకి పెడితే కాలుతుంది. హీటరు ఒక్కటే ఉన్నా నేరుగా గోడ సాకెట్‌కే పెట్టు. గ్యాస్ స్టవ్ వెలిగించి వంటింట్లో వెచ్చగా కూర్చోవడం అసలే వద్దు.

జవాబు: లెస్టర్ నుంచి

పాప స్నానానికి చెబుతాను తమ్ముడూ, ఇక్కడి వాళ్లకి తోచని ఉపాయం: బకెట్టూ మగ్గూ. ముందు బకెట్టులో 7 లీటర్ల చన్నీళ్లు పోసి, తర్వాత 1.7 లీటర్ల కెటిల్ రెండుసార్లు మరిగించి కలపండి. దాదాపు 38 డిగ్రీలకి వస్తాయి. క్రమం మారకూడదు, వేడినీళ్లు ముందుంటే పిల్ల చెయ్యి పెట్టేస్తుంది. బాత్రూములో విడిగా ఎలక్ట్రిక్ షవర్ ఉంటే దానికి బాయిలర్‌తో పనిలేదు, తాడు లాగి చూడండి.

కరెంటు మీటరు రీడింగు ఇవాళే ఫోటో తీయండి. రెండు హీటర్లు రోజుకి ఆరు గంటలు నడిస్తే 24 యూనిట్లు. యూనిట్ 26 పెన్సులనుకుంటే రోజుకి 6 పౌండ్ల 24 పెన్సులు. బాయిలర్ బాగయ్యాక ఈ లెక్క చూపించి అద్దెలో సర్దమని అడగొచ్చు.

రీడింగ్ సభ్యుడు మళ్లీ

అన్నా, వచ్చే నెల అద్దె నేనే తగ్గించి కడితే? ఆఫీసులో ఒకాయన ఆపేయమన్నాడు. ఇంకో భయం కూడా ఉంది. కౌన్సిల్‌కి ఫిర్యాదు చేస్తే వీసాకి ఇబ్బందా?

జవాబు: మిల్టన్ కీన్స్ నుంచి

అద్దె ఆపొద్దండీ. రిపేరు ఓనర్ తప్పు, అద్దె బాకీ మీ తప్పు అవుతుంది. ఇల్లు ఖాళీ చేయించడానికి ఆయనకి మీరే కారణం ఇచ్చినట్టు. కోర్టులు ఒప్పుకున్న దారి ఒకటుంది: ముందు రాతపూర్వకంగా హెచ్చరించి, మూడు కొటేషన్లు తీసుకుని, అవి ఓనరుకి పంపి గడువిచ్చి, అప్పటికీ కదలకపోతే చవకైన దాంతో చేయించి, రశీదు పంపి, ఆ డబ్బు అద్దెలోంచి మినహాయించుకోవడం. ఒక్క మెట్టు తప్పినా చిక్కే, అందులోనూ ఇది గ్యాస్ పని. సలహా ఇచ్చే సంస్థలు షెల్టర్ వాళ్లనో సిటిజన్స్ అడ్వైజ్ వాళ్లనో అడక్కుండా ఆ జోలికి పోవద్దు.

ఏజెంటు కదలకపోతే సోమవారం కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ప్రైవేట్ హౌసింగ్ లేదా ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి రాయండి. ఇంట్లో విపరీతమైన చలి అనేది వాళ్లు లెక్కవేసే ప్రమాదాల్లో ఒకటి. 2004 హౌసింగ్ చట్టం కింద ఓనరుకి ఇంప్రూవ్‌మెంట్ నోటీసు ఇవ్వగలరు. "కౌన్సిల్‌కి రాస్తున్నాం" అని ఏజెంటుకి ఒక్క వాక్యం పెడితే చాలాసార్లు గురువారం కాస్తా మంగళవారం అవుతుంది.

వీసా భయం అక్కర్లేదు. మీ ఈవీసాలో "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" అని ఉంటుంది కదా, అది బెనిఫిట్ డబ్బులు, కౌన్సిల్ ఇళ్ల లాంటి వాటి సంగతి. మీ ఓనర్ బాయిలర్ బాగుచేయలేదని ఫిర్యాదు చేయడం అందులోకి రాదు. ఫిర్యాదు చేశామని వెళ్లగొడతారా అంటే, 2025 రెంటర్స్ రైట్స్ చట్టంతో ఇంగ్లండ్‌లో ప్రైవేటు అద్దెల్లో కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసుకి 2026 మే 1తో కాలం చెల్లినట్టే.

జవాబు: గ్లాస్గో నుంచి

ఒక్క మాట. పైన చెప్పిన చట్టాలు ఎక్కువగా ఇంగ్లండ్‌వి. స్కాట్లండ్‌లో ఓనర్ "రిపేరింగ్ స్టాండర్డ్" పాటించాలి, పాటించకపోతే ఫస్ట్ టైర్ ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. వేల్స్‌కి 2016 నాటి వేరే చట్టం ఉంది, 2022 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడి మన పిల్లలు ఈ మెయిళ్లు మక్కికి మక్కీ కాపీ కొట్టకండి.

జవాబు: ఈస్ట్ హామ్ నుంచి

ఇది రీడింగ్ తమ్ముడి కోసం కాదు, చదువుతున్న స్టూడెంట్ల కోసం. మన వాళ్ల ఇంట్లోనే రూము తీసుకుని, అగ్రిమెంటు లేకుండా నగదు కడుతున్నారా? అద్దె తీసుకునే అన్నే మీకు ఓనర్ లెక్క. ఆయనా అదే ఇంట్లో ఉంటూ వంటగది పంచుకుంటుంటే మీరు లాడ్జర్ అవుతారు, సెక్షన్ 11 అండ ఉండకపోవచ్చు, కానీ గ్యాస్ తనిఖీ నిబంధన అప్పుడూ వర్తిస్తుంది. రెండు, అంతకంటే ఎక్కువ కుటుంబాలకి చెందిన ముగ్గురు నలుగురు అద్దెకుంటూ ఒకే వంటగది వాడుతుంటే అది హెచ్‌ఎంఓ, అంటే పలు కుటుంబాలు పంచుకునే ఇల్లు. ఐదుగురు, ఆపైన ఉంటే ఓనరుకి కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరి. మనవాళ్లే కదా అని మొహమాటపడి చలిలో కూర్చోకండి.

రీడింగ్ సభ్యుడు మళ్లీ

కౌన్సిల్ మాట రాసిన గంటకే ఫోన్ వచ్చింది, ఇంజినీరు రేపు వస్తాడట. కానీ కాల్‌అవుట్ ఛార్జి (మనిషి ఇంటికొచ్చినందుకు) 80 పౌండ్లు మేమే కట్టాలని ఏజెంటు అంటున్నాడు.

జవాబు: మిల్టన్ కీన్స్ నుంచి

కట్టొద్దండీ. 2019 టెనెంట్ ఫీజుల చట్టం అనుమతించిన వాటిలో ఇది లేదు. ఏ క్లాజు కింద అడుగుతున్నారో రాసి పంపమనండి. సాధారణంగా ఆ మెయిల్‌కి జవాబు రాదు.

జవాబు: స్లౌ నుంచి

రేపు తలుపు తీయగానే ఇంజినీరుని గ్యాస్ సేఫ్ కార్డు (గ్యాస్ పని చేసే అర్హత చూపే గుర్తింపు కార్డు) అడుగు. ముందు ఫోటో, నంబరు, గడువు తేదీ ఉంటాయి. వెనక్కి తిప్పు, ఏయే పరికరాలు ముట్టుకోవచ్చో అక్కడుంటుంది. బాయిలర్ ఉండాలి, ఉత్త స్టవ్ ఒక్కటే ఉంటే కుదరదు. వెళ్లేముందు వెసెల్‌లో గాలి నింపాడా, మార్చాడా, సేఫ్టీ వాల్వు సంగతేంటి, ప్రెషర్ ఎంతకి పెట్టాడు, అన్నీ జాబ్ షీట్ మీద రాయించి ఫోటో తీసుకో. మర్నాడు పొద్దున హీటింగ్ వేయకముందు ముల్లు చూడు, ఒక గంట నడిచాక మళ్లీ చూడు. చల్లగా 1.3 దగ్గర, వేడిగా 2 లోపు ఉంటే పని అయినట్టే. 2.5 దాటితే ఆ ఫోటో వెంటనే ఏజెంటుకి పంపెయ్.