త్రీ నాట్ త్రీ పుట్టుపూర్వోత్తరాలు ఎవరైనా ఆరా తీశారా?

లాం రోడ్డు: గుంటూరులో మా కాలేజీ ఎన్‌సీసీ కోత్‌లో (ఆయుధాల గదిలో) కవాతుకి వాడే పాత త్రీ నాట్ త్రీ (.303 రైఫిల్) ఒకటుంది. డీపీ (డ్రిల్ పర్పస్) అని గుద్దేశారు, పేలదు. బర్మా యుద్ధం చూసొచ్చిందని సీనియర్లు ప్రతి బ్యాచ్‌కీ చెబుతారు. నిన్న తుడుస్తుంటే బోల్టు పిడి వెనక కిరీటం, జీఆర్ఐ, ఇషాపూర్ (బెంగాల్‌లోని రైఫిల్ ఫ్యాక్టరీ), 1942 కనిపించాయి. ఆ కథ నిజమేనంటారా?

పాత కోత్: మంగళగిరి దగ్గర తుపాకుల మరమ్మతు చేసి రిటైరయ్యాను బాబూ. జీఆర్ఐ అంటే జార్జి రాజు, చక్రవర్తి అని లాటిన్‌లో పొట్టి రాత. రిపబ్లిక్ వచ్చాక కిరీటం పోయి సింహాలొచ్చాయి. మార్క్ 3 అనే మోడల్ పేరు పక్కన నక్షత్రం కూడా ఉండాలి, చూడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, పని తొందరగా తెమలాలని మ్యాగజైన్‌లోని తూటాలు పైకి రాకుండా ఆపే కటాఫ్ రేకు తీసేశారు, ఆ గుర్తు అది. ఇక 1942 అనేది బాడీ పుట్టిన ఏడు, అంతే. గొట్టానికి వేరే ఏడుంటుంది. మీ ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) ఎదురుగా ఉన్నప్పుడు పై చెక్క తీయించి చూడు. బోల్టు పిడి మీద నంబరు, బాడీ మీద నంబరు ఒకటేనా?

పటమట పిల్లోడు: నేనైతే ఆరు నెలలు దండగ చేసుకున్నాను. తాతగారి లైసెన్సు రైఫిల్ ఏ రెజిమెంటుదా అని తిరగని చోటు లేదు. చివరికి లైసెన్సు పుస్తకం తెరిస్తే .315 అని ఉంది! .303 మామూలు జనానికి నిషేధిత బోరు కాబట్టి, అదే లీ-ఎన్‌ఫీల్డ్ (త్రీ నాట్ త్రీ అసలు పేరు) పోలికతో .315 చేసి అమ్మారట. యుద్ధం మాట దేవుడెరుగు, మా మిర్చి చేలో పందుల్ని బెదిరించడమే దాని సర్వీసు.

కొత్తపేట: 410 మస్కట్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. మా పెదనాన్న పోలీసులో మోసింది అదే. దూరం నుంచి అచ్చం త్రీ నాట్ త్రీ. దగ్గరికెళ్తే పది తూటాలు పట్టే మ్యాగజైన్ చోట చెక్క దిమ్మె. ఒక్కోటి పెట్టి పేల్చుకోవాల్సిందే.
ఇంకోటి, ఎమరీ కాగితం జోలికి పోవద్దు. ఒక పాత బాయొనెట్ మెరవాలని రుద్దితే ఏడుతో సహా పోయింది. ఇప్పటికీ ఆ మచ్చ చూస్తే నా మీద నాకే కోపం. నూనె గుడ్డతో తుడిచి, సుద్దముక్క పొడి అద్దితే గుద్దిన అక్షరాలు తెల్లగా లేస్తాయి.

పాత కోత్: అటక మీద అసలు .303 దొరికిందని ఎవరైనా ఫొటో పెట్టేలా ఉన్నారు. ముందు స్టేషన్‌లో అప్పగించండి, చరిత్ర తర్వాత.

లాం రోడ్డు: ఈ రోజు ఆర్మరర్ గారు వచ్చారు సర్. నక్షత్రం ఉంది. గొట్టం మీద మాత్రం 52! బోల్టు పిడి మీద పాత నంబరు అడ్డంగా కొట్టేసి, పక్కన బాడీ నంబరు గుద్దారు. ముందు చెక్కకి అడ్డంగా ఒక స్క్రూ కూడా ఉంది.

పాత కోత్: ఆ స్క్రూ చెక్క చీలకుండా ఇషాపూర్ వాళ్లు వేసేది. గొట్టం 52ది అంటే స్వాతంత్ర్యం తర్వాత మళ్లీ ఫ్యాక్టరీకో వర్క్‌షాపుకో వెళ్లొచ్చింది. బాడీ బర్మా చూసిందో, ఏ డిపోలోనో పడుకుందో ఇనుము చెప్పదు, ఎవరికి ఇచ్చారో రాసిన రిజిస్టరు దొరకాలి. గొట్టం మాత్రం వెళ్లలేదు, మీ సీనియర్లకి చెప్పు.

లాం రోడ్డు: చెప్పాను సర్. "బోల్టు వెళ్లిందేమో" అంటున్నారు.

పాత కోత్: కొట్టేసిన ఆ పాత నంబరు మీద సుద్ద అద్ది ఫొటో పెట్టు, చూద్దాం.